ఎవరి సొమ్ము, ఎవరి భారం: చిన్న అపార్ట్‌మెంటు కట్టడానికి పెట్టుబడి

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కాలనీల్లో పాత డాబా ఇల్లు పడగొట్టి లేపే ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు పెట్టుబడి పెట్టేది, పేరుకు, బిల్డరే. లెక్క విప్పి చూస్తే అందులో అతని సొంత సొమ్ము చాలా చిన్న భాగం. స్థలం ఇచ్చిన యజమాని, ముందుగా డబ్బు కట్టిన కొనుగోలుదారు, సిమెంటు అరువిచ్చిన డీలరు, వడ్డీకిచ్చిన ఫైనాన్షియరు, కొనేవారికి గృహరుణం ఇచ్చిన బ్యాంకు, వీళ్లందరి సొమ్మూ కలిస్తేనే స్లాబు పడుతుంది. ఎవరి సొమ్ము ఏ దశలో లోపలికి వస్తుంది, ఏ వరసలో బయటికి పోతుంది, పని మధ్యలో ఆగితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్నవే ఈ వ్యాపారంలో అసలు ప్రశ్నలు.

చిన్న నిర్మాణం అంటే ఇక్కడ మూడు వందల నుంచి వెయ్యి గజాల స్థలంలో, కింద పార్కింగుకు స్టిల్టు వదిలి పైన ఐదంతస్తుల దాకా కట్టే భవనం. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తున్నది హైరైజ్ కిందికి వస్తుంది. దాని అగ్నిమాపక నియమాలు వేరు, చుట్టూ వదలాల్సిన ఖాళీ వేరు, ఖర్చు వేరు. అందుకే చిన్న బిల్డర్లలో ఎక్కువమంది ఆ గీతకు దిగువనే ఆగుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. జాతీయ గృహనిర్మాణ బ్యాంకు మరుసటి ఏడాది 1988లో మొదలైంది. ఫ్లాటు మీద అప్పు ఇవ్వడం, ఫ్లాటును విడిగా అమ్మడం మామూలైన తర్వాతనే ఈ తరహా కట్టడాలు కాలనీ కాలనీకీ విస్తరించాయి.

మొదటి చిక్కు స్థలం. బిల్డరు స్థలం కొనడానికి బ్యాంకు అప్పు ఇవ్వదు. ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. ఇళ్లు కట్టే ప్రాజెక్టులో భాగమని చెప్పినా ప్రైవేటు బిల్డర్లకు భూమి కొనుగోలు కోసం రుణం ఇవ్వరాదు. భూముల ధరలను బ్యాంకు సొమ్ము ఎగదోయకూడదన్నది దాని వెనకున్న ఆలోచన. ఫలితంగా కోట్ల విలువ చేసే స్థలాన్ని చిన్న బిల్డరు రొక్కమిచ్చి కొనలేడు. ఆ ఖాళీని పూడ్చడానికి పుట్టిన ఏర్పాటే 'డెవలప్‌మెంటుకి ఇవ్వడం'. యజమాని స్థలం ఇస్తాడు, బిల్డరు తన ఖర్చుతో కడతాడు, ఫ్లాట్లను ఇద్దరూ పంచుకుంటారు. స్థలం ఖరీదు ఎక్కువైన చోట యజమాని వాటా పెరుగుతుంది, శివార్లకు పోయేకొద్దీ తగ్గుతుంది. జనం నోట ఎక్కువగా వినిపించేది మాత్రం ఫిఫ్టీ-ఫిఫ్టీ.

ఆర్థిక దృష్టితో చూస్తే ఇది స్థలం యజమాని బిల్డరుకు ఇచ్చే అప్పే. రెండేళ్ల తర్వాత ఫ్లాట్ల రూపంలో తీరే అప్పు. యజమాని దాన్ని అప్పుగా ఎంచడు. వాటా అనే అనుకుంటాడు. అలా అనుకోవడం వల్లే పూచీల సంగతి, గడువు తప్పితే ఇవ్వాల్సిన అద్దె సంగతి ఒప్పందంలో పలచబడతాయి. బిల్డరు యజమానికి ముందుగా ఇచ్చే 'గుడ్‌విల్' సొమ్ము ఎంత, అందులో తిరిగి ఇవ్వాల్సింది ఎంత అన్న దాని మీద రోజుల తరబడి బేరాలు సాగుతాయి. పని ఆగితే ఏం చేయాలన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఒప్పందాన్ని జనరల్ పవరాఫ్ అటార్నీతో కలిపి రిజిస్టర్ చేస్తారు. ఆ పత్రంతోనే బిల్డరుకు తన వాటా ఫ్లాట్లను అమ్మే హక్కు వస్తుంది. తన వాటాను తనఖా పెట్టే హక్కు అందులో రాసి ఉంటే తప్ప రాదు. చాలామంది యజమానులు ఆ మాట రాయనివ్వరు. తాతల నాటి స్థలం కాగితాలు బ్యాంకు బీరువాలోకి పోవడం ఎవరికీ ఇష్టముండదు.

లెక్క స్పష్టంగా కనిపించాలంటే ఒక ఊహా ఉదాహరణ కావాలి. హైదరాబాద్ శివారు కాలనీలో 600 గజాల స్థలం, గజం 70 వేల చొప్పున విలువ 4.2 కోట్లు. అంతస్తుకు 1,500 అడుగుల ఫ్లాట్లు రెండు, మొత్తం పది, అంటే 15,000 చదరపు అడుగులు. వాటా చెరిసగం. నిర్మాణానికి అడుగుకు 2,200 రూపాయల చొప్పున 3.3 కోట్లు. యజమానికి గుడ్‌విల్ 25 లక్షలు. ప్లాను, అనుమతులు, ఫీజులు, రిజిస్ట్రేషన్ కలిపి 30 లక్షలు. అమ్మకాల ఖర్చు 10 లక్షలు. మొత్తం ఖర్చు 3.95 కోట్లు. బిల్డరు వాటాకు వచ్చిన అయిదు ఫ్లాట్లు అడుగు 6,500కు అమ్మితే వచ్చేది 4.875 కోట్లు. వడ్డీకి, పన్నులకు ముందు మిగులు 92.5 లక్షలు. యజమాని చేతికి అయిదు ఫ్లాట్లు, గుడ్‌విల్ కలిపి 5.125 కోట్లు. స్థలం ఇవాళే అమ్ముకుంటే వచ్చే 4.2 కోట్ల కన్నా ఇది 92.5 లక్షలే ఎక్కువ. చెరిసగం అన్న మాట ఈ అంకెల్లో అక్షరాలా నిజమైంది. యజమానికి రెండేళ్ల నిరీక్షణకు ఏడాదికి పది శాతం పైచిలుకు ప్రతిఫలం దక్కినట్టు.

ఈ మిగులు కాగితం మీదిది. పని మొదలయ్యేటప్పుడు కావలసింది రొక్కం. అనుమతి చేతికి వచ్చేసరికి గుడ్‌విల్, ఫీజుల కింద 55 లక్షలు పోయి ఉంటాయి. పునాదులు, స్తంభాలు, స్టిల్టు పైన మొదటి స్లాబు కలిపి ఇంకో 50 లక్షలు అనుకుంటే, కొనేవారికి చూపించడానికి ఏదైనా లేచి నిలబడేసరికి 1.05 కోట్లు ఖర్చయి ఉంటాయి. బిల్డరు సొంత సొమ్ము 40 లక్షలైతే 65 లక్షలు ఎక్కడి నుంచో రావాలి. చిన్న నిర్మాణాల్లో అతి ఖరీదైన డబ్బు ఇదే. తర్వాతి దశల్లో తలెత్తే తగాదాల్లో చాలావాటికి వేరు కూడా ఇక్కడే దొరుకుతుంది.

ఆ 65 లక్షలకు దారులు మూడు. ఒకటి ఫైనాన్షియరు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 65 లక్షల మీద నెలకు లక్షా ముప్పై వేలు, పద్దెనిమిది నెలలకు 23.4 లక్షలు. ఫైనాన్షియరు ప్రామిసరీ నోటుతో తృప్తి పడడు. రెండు ఫ్లాట్ల మీద తన పేర సేల్ అగ్రిమెంటు, జీపీఏ రాయించుకుంటాడు. బాకీ తీరాక రద్దు చేస్తానంటాడు. జీపీఏ కాగితాలతో స్థిరాస్తి యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. అయినా పూచీగా ఈ పద్ధతి పోలేదు. ఎందుకంటే ఫైనాన్షియరుకు కావలసింది ఫ్లాటు కాదు, ఆ ఫ్లాటు ఇంకొకరికి అమ్ముడుపోకుండా ఆపగల బలం. రిజిస్టరైన అగ్రిమెంటు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో కనిపిస్తే ఏ బ్యాంకూ ఆ ఫ్లాటు మీద అప్పివ్వదు. బాకీ తీర్చనిదే అమ్మకం కదలదు.

రెండోది చీటీ. తెలుగు జిల్లాల్లో చిన్న వ్యాపారి తొలి బ్యాంకు చీటీయే. తొలి నెలల్లోనే పాట పాడితే చీటీ మొత్తంలో పెద్ద తరుగు పోతుంది. ఆ తరుగే వడ్డీ. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషను గరిష్ఠ పరిమితి 5 శాతం ఉండేది. 2019 సవరణ దాన్ని 7 శాతం చేసింది. అప్పు దొరకని చోట చీటీ ఆదుకుంటుంది. కానీ నెలనెలా కట్టాల్సిన వాయిదా ఆ నెలే మొదలవుతుంది. భవనం నుంచి రాబడి ఏడాది తర్వాత గానీ రాదు. రెండు చీటీలు ఎత్తిన బిల్డరు మూడో చీటీ వేసేది మొదటి దాని వాయిదా కట్టడానికే.

మూడోది కొనుగోలుదారు. అనుమతి రాకముందే, కొన్నిసార్లు ఒప్పందం కూడా కుదరకముందే, 'ప్రీలాంచ్' ధరకు ఫ్లాటు అమ్మి మొత్తం సొమ్ము ముందే తీసుకోవడం. పై ఉదాహరణలో రెండు ఫ్లాట్లను అడుగు 5,500కే ఇస్తే చేతికి వచ్చేది 1.65 కోట్లు. తర్వాత 6,500కు అమ్మితే అవి 1.95 కోట్లు పలికేవి. అంటే బిల్డరు వదులుకున్నది 30 లక్షలు. పద్దెనిమిది నెలలకు 1.65 కోట్ల మీద 30 లక్షలంటే ఏడాదికి సుమారు 12 శాతం. ఫైనాన్షియరు 24 శాతం అడిగి, ఫ్లాట్లను పూచీ కింద పట్టుకున్న చోట, కొనుగోలుదారు 12 శాతానికి, పూచీ లేకుండా, పని మొదలుకాని దశలో ఇస్తున్నాడు. ఈ మొత్తం ఏర్పాటులో అతి చవకగా అప్పిచ్చేవాడు, అతి తక్కువ రక్షణ ఉన్నవాడు అతనే. తాను అప్పిస్తున్నానని అతనికి తెలియదు, చవకగా ఫ్లాటు కొంటున్నానని అనుకుంటాడు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, అన్నదమ్ముల మాట మీద సొమ్ము పంపే తెలుగువారికి స్థలం దగ్గర పునాది తవ్వారో లేదో చూసే వీలు కూడా ఉండదు.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) గురిపెట్టింది ఈ అసమానత మీదే. చట్టంలోని ప్రధాన సెక్షన్లు 2017 మే 1 నుంచి అమల్లోకి వచ్చాయి. రిజిస్టర్ కాని ప్రాజెక్టులో ఫ్లాటును ప్రకటించడం, బుక్ చేయడం, అమ్మడం నిషిద్ధం. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. సేల్ అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ఫ్లాటు ధరలో 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోరాదు. కొనుగోలుదారుల నుంచి వచ్చే ప్రతి రూపాయిలో 70 పైసలు విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికే వాడాలి. పని ఎంత శాతం అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించిన మేరకే అందులోంచి తీయాలి. గడువుకు ఫ్లాటు ఇవ్వలేకపోతే వడ్డీతో సొమ్ము వెనక్కి అడిగే హక్కు కొన్నవారిది. ఒక ప్రాజెక్టు సొమ్ముతో ఇంకో స్థలానికి గుడ్‌విల్ ఇచ్చే పాత అలవాటుకు ఈ 70 శాతం నియమం నేరుగా అడ్డు.

కానీ చట్టం ఒక గీత గీసింది. 500 చదరపు మీటర్లు మించని స్థలానికి, లేదా ఎనిమిది మించని ఫ్లాట్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ రెంటిలో ఒకటి ఉంటే చాలా, రెండూ ఉండాలా అన్న దాని మీద వాదాలు నడిచాయి. 500 చదరపు మీటర్లంటే 598 గజాలు. పై ఉదాహరణలోని 600 గజాల స్థలం రెండు గజాల తేడాతో రెరా లోపలికి వచ్చింది. పక్కనే 400 గజాల్లో ఎనిమిది ఫ్లాట్లు కట్టేవాడు బయట ఉండిపోతాడు. అతని దగ్గర కొన్నవారికి విడి ఖాతా లేదు, మూడు నెలలకోసారి వెబ్‌సైట్లో పెట్టే పని వివరాలు లేవు. ఉన్నవి ఒప్పంద చట్టం, వినియోగదారుల కమిషన్. పెద్ద బిల్డరుకు దివాలా చట్టం భయం కూడా ఉంటుంది. 2018 సవరణతో ఇల్లు కొన్నవారు ఆర్థిక రుణదాతలయ్యారు. 2020లో వంద మందో, మొత్తం కొనుగోలుదారుల్లో పదో వంతో కలిసి రావాలని షరతు పెట్టారు. పది ఫ్లాట్ల భవనంలో పదో వంతంటే ఒక్కరే. అయినా ఆ ఒక్కరికీ ఈ దారి తెరుచుకునేది బిల్డరు కంపెనీయో ఎల్‌ఎల్‌పీయో అయితేనే. చిన్న బిల్డర్లలో ఎక్కువమంది సొంత పేరు మీదో, ఇద్దరు ముగ్గురు బంధువుల భాగస్వామ్య సంస్థ పేరు మీదో కడతారు. రక్షణ ఎక్కువ కావలసిన చోటే చట్టం పలచబడింది. ఎనిమిది ఫ్లాట్ల దాకా ఉన్న కట్టడాలకు రెరా మొత్తం వర్తింపజేయకపోయినా, విడి ఖాతా నియమం ఒక్కటైనా వర్తింపజేసి ఉండాల్సింది.

అనుమతి ఉండి, యజమాని సంతకం పెడితే బిల్డరుకు బ్యాంకు నుంచి నిర్మాణ రుణం దొరక్కపోదు. బ్యాంకు అడిగేవి లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల దాకా ఈసీ, లీగల్ ఒపీనియన్, మంజూరైన ప్లాను, రెరా నంబరు, మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, బిల్డరు సొంత వాటా ఎప్పుడు, ఎక్కడి నుంచి వస్తుందో చూపే లెక్క. సొంత వాటా ముందు ఖర్చయ్యాకే రుణం కదులుతుంది. అప్పుడైనా పని అయిన తర్వాత, బ్యాంకు ఇంజనీరు చూసి వెళ్లిన తర్వాత. కనుక మొదటి స్లాబుకు ముందున్న గండానికి ఇది మందు కాదు. ఫ్లాటు అమ్ముడుపోయినప్పుడల్లా ఆ సొమ్ములో కొంత బ్యాంకుకు కట్టి, ఆ ఫ్లాటుకు ఎన్‌వోసీ తెచ్చుకోవాలి. కొనేవారి బ్యాంకు ఆ ఎన్‌వోసీ చూడందే రుణం విడుదల చేయదు.

చిన్న బిల్డరుకు అప్పివ్వడంలో బ్యాంకులకు ఉత్సాహం తక్కువ కావడానికి రిస్కు ఒక్కటే కారణం కాదు. రిజర్వ్ బ్యాంకు లెక్కల్లో బిల్డరు రుణం వ్యాపార స్థిరాస్తి పద్దు కిందికి వస్తుంది. నివాస గృహాల ప్రాజెక్టులకు 2013లో విడి ఉపవర్గం పెట్టి భారం కొంత తగ్గించారు. 2025 అక్టోబరు 1 నుంచి అమలైన ప్రాజెక్టు రుణాల ఆదేశాల ప్రకారం, నిర్మాణ దశలో ఉన్న ఇలాంటి రుణానికి 1 శాతం నష్టాలకు ముందుగానే కేటాయించి పెట్టాలి. అదే ఫ్లాటు మీద వ్యక్తికిచ్చే గృహరుణానికి 0.25 శాతం చాలు. అదే గోడలకు, అదే పైకప్పుకు అప్పు బిల్డరు పేర ఇస్తే ఒక లెక్క, కొనేవారి పేర ఇస్తే ఇంకో లెక్క. బ్యాంకు రెండో దారినే ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు. అసలు చిన్న అపార్ట్‌మెంట్లకు బ్యాంకు సొమ్ము ఎక్కువగా వచ్చేది కొనుగోలుదారు భుజాల మీదుగానే.

గృహరుణం దశలవారీగా వస్తుంది. పునాదికి ఇంత, ఒక్కో స్లాబుకు ఇంత, ఇటుక పనికి ఇంత, ఫినిషింగుకు ఇంత. దశలు పూర్తికాకుండానే మొత్తం సొమ్ము బిల్డరు ఖాతాకు మళ్లించే '80:20' తరహా పథకాలు ఒకప్పుడు నడిచాయి. రుణం విడుదల నిర్మాణ దశలతో ముడిపడి ఉండాలని 2013 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఈఎంఐ బిల్డరే కడతానన్న పథకాలకు దూరంగా ఉండమని 2019 జులైలో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు చెప్పింది. రుణ పరిమితికీ అంచెలున్నాయి. 30 లక్షల దాకా రుణమైతే ఆస్తి విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80, ఆపైన 75 శాతం మించరాదు. ఉదాహరణలోని ఫ్లాటు ధర 97.5 లక్షలు. దాని మీద 75 శాతం రుణం తీసుకుంటే కొనేవారు సొంతంగా తేవాల్సింది 24 లక్షల పైచిలుకు. ఆపైన 5 శాతం జీఎస్టీ, తెలంగాణలో 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపితే 36 లక్షలు దాటుతుంది. ఆ సొమ్ము ఊళ్లో పొలం అమ్మితేనో, పాత ప్లాటు అమ్మితేనో వస్తుంది. ఆ అమ్మకం ఆలస్యమైతే ఇక్కడ నాలుగో స్లాబు ఆలస్యమవుతుంది. చిన్న భవనంలో కొన్నవారు నలుగురైదుగురే. వారిలో ఒక్కరి వాయిదా తప్పినా సెంట్రింగు చెక్క దిగదు.

సిమెంటు, స్టీలు, ఇసుక డీలర్ల అరువు పెట్టుబడిలో కనిపించని భాగం. పదిహేను రోజులో నెలో అరువు దొరుకుతుంది. ధరలో తేడా రూపంలో వడ్డీ ముందే కలిసి ఉంటుంది. సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తిదారులకు 45 రోజుల్లోపు సొమ్ము చెల్లించకపోతే ఆ ఖర్చును సొమ్ము కట్టిన ఏడాది ఆదాయంలోనే తగ్గించుకోవాలని 2023లో ఆదాయపు పన్ను చట్టానికి నియమం చేర్చారు. అంటే ఇటుక బట్టీకి, రెడీమిక్స్ ప్లాంటుకు బాకీ పెట్టడం ఇదివరకంత సులువు కాదు. సిమెంటు కొట్టు వ్యాపారికి మాత్రం ఈ రక్షణ లేదు.

అరువు పెట్టలేనిది ఒక్కటే, కూలి. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన మనుషులకు వారం వారం డబ్బు పడాలి. మేస్త్రీ చేతికి ఒక వారం డబ్బు అందకపోతే మరుసటి వారం అతని మనుషులు ఇంకో సైటు మీద ఉంటారు. మళ్లీ పోగుచేయడానికి నెల పడుతుంది. పని ఆగిన చాలా భవనాలకు పెద్ద అప్పు కారణమని చెబుతారు గానీ, ఆగిన రోజు చూస్తే లేనిది ఆ వారం కూలి డబ్బే.

ధరల పెరుగుదల బిల్డరును రెట్టింపు దెబ్బ కొడుతుంది. అతను కట్టేది 15,000 అడుగులు, అమ్మేది 7,500. నిర్మాణ ఖర్చు అడుగుకు 200 పెరిగితే 30 లక్షల భారం. దాన్ని రాబట్టాలంటే అమ్మకం ధర అడుగుకు 400 పెరగాలి. 2022 ఆరంభంలో ఉక్రెయిన్ యుద్ధంతో స్టీలు ధర ఎగసినప్పుడు ఈ లెక్క చాలామందికి అనుభవంలోకి వచ్చింది. యజమానితో రాసుకున్న వాటా మారదు. ముందే రెండు ఫ్లాట్లు అమ్మి ఉంటే వాటి ధర మారదు. మారేది మిగిలిన మూడు ఫ్లాట్ల ధరే, అదీ మార్కెట్ ఒప్పుకుంటే. ఆలస్యం కూడా అంతే. ఫైనాన్షియరు బాకీ ఇంకో ఏడాది నిలిచిపోతే మరో 15.6 లక్షలు.

పన్నుల్లో ఎక్కువమంది మరిచేది ఒకటుంది. 2019 ఏప్రిల్ నుంచి నిర్మాణంలో ఉన్న ఫ్లాట్లకు జీఎస్టీ 5 శాతం. 45 లక్షల లోపు విలువ, నిర్ణీత కార్పెట్ ఏరియా ఉన్నవాటికి 1 శాతం. ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అందుకే 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగినప్పుడు ఆ తేడా నిర్మాణ ఖర్చులో సూటిగా తగ్గింది. కొనేవారి మీద పన్ను అందరికీ తెలుసు. యజమాని వాటా ఫ్లాట్లు కట్టివ్వడం కూడా పన్ను పడే సేవే అన్నది చాలామందికి నోటీసు వచ్చాక తెలుస్తుంది. అయిదు ఫ్లాట్ల మీద 5 శాతమంటే 24.4 లక్షలు. అది ఎవరు భరించాలో ఒప్పందంలో లేకపోతే బిల్డరు నెత్తినే పడుతుంది. 92.5 లక్షల మిగులులో ఇది పోతే 68. ఫైనాన్షియరు వడ్డీ పోతే 45 లోపు. నిర్మాణ ఖర్చు అడుగుకు 200 పెరిగి ఉంటే 15 లక్షలు కూడా నిలవవు.

యజమాని వైపు పన్ను చిక్కు వేరే. స్థలం బిల్డరు చేతికిచ్చిన ఏడాదే మూలధన లాభం వచ్చినట్టు లెక్కగట్టి పన్ను అడిగిన కేసులు చాలా నడిచాయి. చేతికి ఫ్లాటూ లేదు, రొక్కమూ లేదు, పన్ను మాత్రం కట్టాలి. 2017 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 45(5ఎ) సెక్షను చేర్చి, వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు ఆ పన్నును కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదికి వాయిదా వేసింది. ఒప్పందం రిజిస్టరై ఉండాలి. పూర్తికాకముందే యజమాని తన వాటా అమ్మేసుకుంటే ఈ వెసులుబాటు పోతుంది. బిల్డరు ఇచ్చే గుడ్‌విల్ సొమ్ములో 10 శాతం టీడీఎస్ పట్టాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది.

భవనం పూర్తయ్యాక కూడా సొమ్ము అంతా ఒకేసారి విడిపడదు. ప్లాను మంజూరు చేసేటప్పుడే, అతిక్రమణలు జరగవన్న హామీగా, కట్టే వైశాల్యంలో 10 శాతం మున్సిపల్ సంస్థకు అప్పగించాలని 2012 నిబంధనలు చెప్పాయి. పది ఫ్లాట్ల భవనంలో అది దాదాపు ఒక ఫ్లాటు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా దాన్ని అమ్మడానికి లేదు. ఉదాహరణలోని బిల్డరుకు అన్ని ఖర్చులూ పోగా మిగిలేది ఒక ఫ్లాటు విలువలో సగం కూడా లేదు. అంటే అతని లాభమంతా, దానితోపాటు సొంత పెట్టుబడిలో కొంత, ఆ తాళం వేసిన ఫ్లాటులోనే ఉన్నట్టు. ప్లానుకు మించి ఒక బాల్కనీ కప్పినా, సెట్‌బ్యాక్‌లో మెట్లు వేసినా ఓసీ ఆగుతుంది, ఫైనాన్షియరు వడ్డీ మాత్రం ఆగదు. ఓసీ లేకుండానే మిగతా ఫ్లాట్లలో జనం చేరిపోయే పరిస్థితికి ఇదొక కారణం.

ఓసీ వచ్చాక అమ్మే ఫ్లాటుకు కొనేవారు జీఎస్టీ కట్టక్కర్లేదు. అమ్ముడుపోకుండా మిగిలిన ఫ్లాట్ల మేరకు, యజమాని నుంచి పొందిన నిర్మాణ హక్కుల మీద బిల్డరే రివర్స్ చార్జి కింద పన్ను కట్టాలి. ఆఖరి ఫ్లాటు అమ్మి, ఫైనాన్షియరు దగ్గరున్న అగ్రిమెంటు రద్దు చేయించి, డీలర్ల బాకీలు తీర్చి, నివాసుల సంఘానికి లిఫ్టు, జనరేటరు, కార్పస్ నిధి అప్పగించడంతో పెట్టుబడి చక్రం ఒక తిరుగు పూర్తవుతుంది. రెరా పరిధిలోని భవనమైతే బాధ్యత అక్కడితో తీరదు. అప్పగించిన నాటి నుంచి అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే ముప్పై రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఆ అయిదేళ్లకు ఎవరూ సొమ్ము పక్కన పెట్టరు, పెట్టమని చట్టమూ అడగదు. ఒక్క భవనం కోసం ఏర్పాటైన భాగస్వామ్య సంస్థ అప్పటికి లెక్కలు తేల్చుకుని విడిపోయి ఉంటే, నీరు కారే గోడ మరమ్మతు ఖర్చు నివాసుల నెలవారీ మెయింటెనెన్సులోకే చేరుతుంది.